పదిహేను నిమిషాల నిశ్శబ్దం

"ఐదూ ఇరవైకి పాట మొదలైంది. ఆరూ రెండుకి ఆగింది. ఈ ముక్క పోలీసులకి మూడుసార్లు చెప్పాను. నీకు చెప్పడం నాలుగోసారి. ఐదోసారి ఎవరైనా అడిగితే రాగం కట్టి పాడతాను," అంది తాయారమ్మ.

డిటెక్టివ్ రాధాకృష్ణమూర్తి నవ్వలేదు. "గడియారం చూసే చెబుతున్నారా?" అని అడిగాడు.

"చూడక్కర్లేదు నాయనా. ఐదింబావుకి శిష్యురాళ్ళు వెళ్ళిపోతారు. ఆ తరవాత కింద లక్ష్మీపతి రికార్డు పెడతాడు. ఇదుగో, ఈ గొట్టంలోంచి నాకు వినిపిస్తుంది. దానితో కలిసి వయొలిన్ వాయించుకుంటాను. మూడేళ్ళుగా ఇదే వరస."

ఆవిడ కమానుతో గది మూలకి చూపించింది. డాబా మీది కూలర్ నుంచి కింది గదికి చల్లగాలి తీసుకెళ్ళే రేకు గొట్టం అక్కడ ఉంది. అది ఆవిడ గదిలోంచే కిందికి దిగుతుంది. అతుకు దగ్గర అరచేయంత సందు.

సాకేత్ కాలనీలోని ఆ ఇంటి కింది వాటాలో ఉండే లక్ష్మీపతి రేడియోలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. నాలుగేళ్ళుగా ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, సంగీతం వినడానికి ఒక గది కట్టుకోవడం. గోడకి గోడ కట్టించాడు. తలుపుకి తలుపు పెట్టించాడు. ఆంప్లిఫయర్ తన చేతులతో చేసుకున్నాడు. స్పీకర్ పెట్టెలూ గోడ పలకలూ సిలాసు అనే బాపట్ల వడ్రంగి చేత చేయించాడు. మొన్న గురువారం సాయంత్రం ఏడున్నరకి, స్నేహితుడు అనంతరామయ్య చౌకీదారుని వెంటబెట్టుకుని ఆ గది తలుపు తీసేసరికి లక్ష్మీపతి నేల మీద పడి ఉన్నాడు. తల వెనక సుత్తి దెబ్బ. సుత్తి సిలాసుది.

ఆ గదికి ఒక నియమం ఉంది. లోపల ఆంప్లిఫయర్ వేయగానే బయట తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. అది వెలుగుతున్నంతసేపూ ఎవరూ తలుపు తట్టకూడదు. గురువారం ఐదూ ఇరవై ఐదుకి కొత్త పలక తీసుకుని వచ్చిన సిలాసు ఆ బల్బు చూశాడు. పలక ఒళ్ళో పెట్టుకుని యాభై నిమిషాలు గుమ్మం ముందు కూర్చున్నాడు. బల్బు ఆరలేదు. ఆరుంబావుకి పలక గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. చౌకీదారు చూశాడు. అక్కడితో సిలాసు మెడకి ఉచ్చు పడింది.

సిలాసు చెల్లెలు జయకుమారి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది, తెల్ల చీర ఇంకా మార్చుకోలేదు.

"కూర్చో అమ్మాయ్," అంది తాయారమ్మ.

"పర్లేదు ఆంటీ," అంది, కూర్చోలేదు. మూర్తి వైపు తిరిగి, "ఈ పొద్దున స్టేషన్‌కి టిఫిన్ పట్టుకెళ్ళాను సార్. అన్నయ్య కుడిచేతి వేళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏమీ చెప్పలేదు. ఎడంచేత్తో తిన్నాడు. ఈ రాత్రికి వాళ్ళు ఏది రాస్తే దాని మీద సంతకం పెట్టేస్తాడు. రేపు మేజిస్ట్రేట్ దగ్గరికంట," అంది.

వడ్రంగికి కుడిచెయ్యి అంటే ఏమిటో ఆ గదిలో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

మూర్తి తాయారమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మధ్యలో రికార్డు తిరగేశాడా?"

"తిరగేశాడు. మొదటి పక్క కల్యాణి. ఆగింది. రెండు నిమిషాలు పోయాక ముల్లు పెట్టిన చప్పుడు టక్కుమంది. రెండో పక్క తోడి. అదే చెప్పాడు మీ ఇన్‌స్పెక్టరు కూడా, చచ్చినవాడు రికార్డు తిరగేస్తాడామ్మా అని."

"మీరు తోడి కూడా కలిసి వాయించారు."

"వాయించాను. ఎంత హాయిగా సాగిందనుకున్నావు ఆ రోజు! మామూలుగా ఆ వేళకి నాకు తంతులతో యుద్ధమే."

"యుద్ధమెందుకు?"

"ఎండాకాలం కదూ. ఐదున్నర దాటేసరికి ఈ పేటంతా కూలర్లు వేస్తారు. కరెంటు నీరసించిపోతుంది. కింద రికార్డు వేగం ఒక వెంట్రుకవాసి తగ్గుతుంది, దాంతో శ్రుతి దిగుతుంది. నేనూ తంతులు దించుకోవాలి. లక్ష్మీపతిని ఏడిపించేదాన్ని కూడా. నీ గదికి ఇంత చేశావు, నీ విద్వాంసుడికి రోజూ సాయంత్రం నిద్రొస్తుందేమయ్యా అని. దానికేదో యంత్రం కడుతున్నానన్నాడు. ఇంకా పూర్తికాలేదు."

"గురువారం తంతులు ఎన్నిసార్లు దించుకున్నారు?"

 తాయారమ్మ చేతిలో కమాను మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"దించుకోలేదు," అంది. "ఒక్కసారి కూడా దించుకోలేదు నాయనా. మొదట ఎక్కడ ఉందో చివరికీ అక్కడే ఉంది శ్రుతి."

మూర్తి లేచి టెలిఫోన్ దగ్గరికి వెళ్ళాడు. అది లక్ష్మీపతి ఫోనే. కింది నుంచి ఒక తీగ పైకి లాగి ఆవిడకి రెండో యంత్రం అమర్చిపెట్టాడు ఆయన. సబ్‌స్టేషన్‌లో తెలిసినవాడితో మూర్తి మూడు నిమిషాలు మాట్లాడాడు. ఫోను పెట్టేసి జయకుమారి వైపు తిరిగాడు.

"గురువారం సాయంత్రం కరెంటు ఈ నెలలోకెల్లా అధ్వాన్నంగా ఉందట. రికార్డు తిప్పే మోటారు కరెంటు నడకని బట్టి నడుస్తుంది. ఆ రోజు శ్రుతి దిగి తీరాలి. దిగలేదంటే ఆ పాట రికార్డు మీంచి వచ్చింది కాదు."

"మరి?"

"కేసెట్. కేసెట్ డెక్‌లో ఉండే చిన్న మోటారుకి కరెంటు నీరసంతో పని లేదు, ఎప్పుడూ ఒకే వేగం. కరెంటు బాగున్నప్పుడు ఎవరో ఆ రికార్డుని పక్క తిప్పడం, ముల్లు చప్పుడు, అన్నిటితో సహా కేసెట్ మీదికి ఎక్కించారు. అప్పుడు ఐదూ ఇరవైకి లక్ష్మీపతి బతికి ఉండాల్సిన అవసరం లేదు. మీ అన్నయ్య గుమ్మం ముందు కూర్చున్న యాభై నిమిషాలూ లోపల ఉన్నది శవమే."

జయకుమారి అప్పుడు కూర్చుంది.

"ఆ కేసెట్ దొరికితే కింది నుంచి వినిపిస్తాను," అన్నాడు మూర్తి తాయారమ్మతో. "అదే అయితే చెప్పగలరా?"

"నా వేళ్ళు చెబుతాయి. నేను వాయించుకుంటూ ఉంటాను. నువ్వు వినిపించగానే ఆపి వింటాను."

* * *

ఇన్‌స్పెక్టర్ అంకయ్య ఐదింటికి వచ్చాడు. ఒకప్పుడు పోలీసు లాబరేటరీలో మూర్తి దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు మూర్తికి ఉద్యోగం లేదు, అంకయ్యకి మూడు నక్షత్రాలున్నాయి. ఆ తేడా ఇద్దరూ మరిచిపోరు.

"ఏంది మూర్తి సాబ్, పాటలు విని ఖూనీ కేసులు తేలుస్తున్నరంట?" అన్నాడు కింది గది తలుపు సీలు విప్పుతూ.

"నువ్వు గడియారం చూసి తేల్చావు. అంతకంటే నయమే."

శ్రుతి సంగతి మూర్తి చెప్పాడు. అంకయ్య చెవి గోక్కుంటూ విన్నాడు.

"అచ్ఛా. అంటే గా ముసలమ్మ ఫిడేలు తీగెలు కోర్టుల సాక్ష్యం చెప్తయి. జడ్జి సాబ్ తల ఊపుకుంట తాళం ఏస్తడు. సుత్తె ఎవనిది? సిలాసుది. ఇంట్ల ఉన్నదెవడు? సిలాసు. పాట ఆగింది ఆరూ రెండుకు. వాడు గేటు దాటింది ఆరూ పదిహేనుకు. ఖూనీకి రెండు నిమిషాలు చాలు. తక్కిన పదకొండు నిమిషాలు చేతులు కడుక్కుండు."

"చేతులు కడుక్కున్నవాడు సుత్తి వదిలేసి పోతాడా?"

"భయం సాబ్, భయం. చంపినోనికి తెలివి ఉంటే మా నౌకరీలు ఎట్ల నడుస్తయి?"

"సుత్తి బుధవారం నుంచే ఆ గదిలో ఉంది. పని పూర్తికాని చోట వడ్రంగి సంచీ ఉంచి వెళ్తాడు. గదిలోకి వెళ్ళిన ఎవడి చేతికైనా అందుతుంది." మూర్తి గొంతు పెంచలేదు. "అతని కుడిచెయ్యి ఎవరు విరగ్గొట్టారు అంకయ్యా?"

అంకయ్య జయకుమారి వైపు చూడకుండా, "ఇరగలే. వాచింది," అన్నాడు. తరవాత ముఖం గట్టి చేసుకున్నాడు. "కేసెట్ అంటున్నరు. చూపెట్టుండ్రి. గురువారం సంది గా గది సీల్ల ఉన్నది. మావోళ్ళు ఫోటోలు తీసిండ్రు, పీనుగను లేపిండ్రు, గంతే. గోడ మీద ఎవడూ చెయ్యి పెట్టలే. ఏడున్నరకు శవాన్ని చూసిన ఇద్దర్నీ జేబులతో సహా నేనే తలాష్ చేసిన. ఏ కేసెటూ ఎల్లలే."

"బయటికి వెళ్ళలేదంటే లోపలే ఉంది."

"ఆరు గంటలకు మల్ల సీలు ఏస్తా. అప్పటిదాంక గది మీది. దొరికితే గా అమ్మ నోటితోనే నాకు ఫోన్ చేయించుండ్రి, స్టేషన్ల కూసుంటా. పది నిమిషాల్ల ఈడుంటా. దొరక్కపోతే పాటలు ఇంట్ల ఇనుకోండ్రి." జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, అనంతరామయ్య సాబ్ ఐదున్నరకు వస్తడు. మెషీన్లకు దుమ్ము పడ్తదంట, గుడ్డలు కప్పనీకి. పాపం, దోస్తు పోయిండని మస్తు ఏడుస్తున్నడు."

* * *

ఆ గదిలోకి అడుగుపెట్టగానే చెవుల్లో దూది పెట్టినట్టయింది. రెండు తలుపులూ మూసుకోగానే మూర్తికి తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. బయట గుమ్మం ముందు, మొన్న అన్నయ్య కూర్చున్న చోటే, జయకుమారి కూర్చుంది.

ఎదుటి గోడ దగ్గర రెండు స్పీకర్ పెట్టెలు మనిషి ఎత్తున ఉన్నాయి. అదరకుండా ఒక్కోదాని మీదా ఇనుప దిమ్మె. వాటి మధ్య అరల్లో రికార్డ్ ప్లేయరూ, కేసెట్ డెక్కూ, ఆంప్లిఫయరూ. గోడల నిండా బూడిదరంగు గుడ్డ కట్టిన పలకలు, వెనక వైపు ఏడు. ఎనిమిదోది సిలాసు తెచ్చి బయట ఆనించి వెళ్ళినది. పాట బాగా వినిపించే చోట, గది నడిమధ్యలో, ఒక పేము కుర్చీ. దాని పక్కన, కొంచెం వెనగ్గా, ఇంకో కుర్చీ.

అరలో లక్ష్మీపతి నోటుబుక్కు ఉంది. మూర్తి పేజీలు తిప్పాడు. పొందికైన అక్షరాలు. చనిపోయిన భార్యని లక్ష్మీపతి రాజ్యం అని పిలిచేవాడని అందులోనే తెలిసింది. మధ్య కుర్చీ ఆవిడది. నాలుగేళ్ళ కొలతలూ ఆ కుర్చీ నుంచే తీశాడు. తాను మాత్రం పక్క కుర్చీలో కూర్చున్నాడు.

బుధవారం రాసింది చదివాడు.

"ఏడో పలక. మెత్తని వైపు గదికి. రాజ్యం కుర్చీ దగ్గర చప్పట్లు కొట్టాను. జవాబు లేదు. గది ఊరుకుంది."

ఆ కింద గురువారం నాటిది. ఒకటే వరస.

"అ. నమూనా. అగ్గిపుల్ల పెట్టాను. పదకొండు సెకన్లు."

మూర్తి ఆ వరస రెండుసార్లు చదివాడు. తరవాత మధ్య కుర్చీ పక్కన నిలబడి చేతులెత్తి ఒక్క చప్పట కొట్టాడు.

ట్ర్‌ర్‌ర్...

గోడకీ గోడకీ మధ్య చప్పుడు సన్నగా, రేకు మీద చినుకుల్లా, కొట్టుకుని ఆగింది. ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ అదే జవాబు.

బుధవారం ఊరుకున్న గది శనివారం ఎందుకు మాట్లాడుతోంది? గోడ మీద ఎవడూ చెయ్యి పెట్టలేదని అంకయ్య అన్నాడు.

ఏడో పలక దగ్గరికి వెళ్ళి గుడ్డ మీద వేలితో తట్టాడు. టకటకమంది, చెక్క. ఆరో పలకని తట్టాడు, వేలు దూదిలోకి దిగింది. గదిని కావలసినట్టు సవరించుకోవడానికి లక్ష్మీపతి పలకలకి ఒక పక్క దూదీ ఒక పక్క చెక్కా పెట్టించి, రెండు పక్కలా ఒకే గుడ్డ కట్టించాడు. కొక్కేల మీంచి తీసి ఎటు కావాలంటే అటు తగిలించవచ్చు. ఎటు ఏదో చూపుకి తెలియదు. అందుకే సిలాసు ప్రతి పలకకీ దూది వైపు పై అంచున పెన్సిల్‌తో చిన్న శిలువ గీసేవాడు. ఏడో పలక శిలువ ఇప్పుడు గోడ వైపు ఉంది. సిలాసు ఆ పొరపాటు కళ్ళు మూసుకుని కూడా చేయడు. ఎవరో హడావిడిలో తీసి, తిరగేసి తగిలించారు.

మూర్తి పలక దించాడు. అంచున గుడ్డ కుట్టు రెండంగుళాలు ఊడి ఉంది. దూదిలోకి రెండు వేళ్ళు పోనిచ్చాడు. గట్టిగా, నలుచదరంగా ఏదో తగిలింది.

నూట ఇరవై నిమిషాల కేసెట్. పేరు లేదు.

ఐదూ ఇరవై. పలక ఉన్నది ఉన్నట్టు తిరిగి తగిలించాడు. ఆంప్లిఫయర్ మీట నొక్కాడు. గాజు బుడ్డీల్లాంటి వాల్వులు ఎర్రగా వెలిగాయి. బయట బల్బు కూడా వెలిగి ఉంటుంది. టేపు మొదటికి తిప్పుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. వాల్యూం గుండీ గురువారం ఎక్కడ ఉందో అక్కడే ఉంచి, కేసెట్ వేశాడు. ఐదూ ఇరవై ఏడు.

ఏమీ వినిపించలేదు.

ఒక నిమిషం చూశాడు. రెండు నిమిషాలు. ఖాళీ కేసెట్టా? చెవి స్పీకర్ దగ్గర పెట్టాడు. సన్నటి బుస, టేపు తిరుగుతున్న బుస. అప్పుడు అర్థమైంది. హంతకుడు ఈ మీట నొక్కి తలుపు మూసుకుని, చౌకీదారు డ్యూటీకి రాకముందే గేటు దాటి పోవాలి. పాట ఆ తరవాత మొదలుకావాలి. చౌకీదారు వచ్చేది ఐదుంబావుకి. పాట మొదలైంది ఐదూ ఇరవైకి. పోవడానికి ఉంచుకున్న సమయం పది నిమిషాలు కావచ్చు, పదిహేను కావచ్చు.

వెనక తలుపు తెరుచుకుంది.

* * *

"లేవకండి మూర్తిగారూ," అన్నాడు అనంతరామయ్య. మూర్తి కూర్చుని లేడు. అరలకి వీపు ఆనించి నిలబడ్డాడు. డెక్ మీద వెలుగుతున్న చిన్న దీపం అతని వెనక దాగింది.

అనంతరామయ్య అరవై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ నలగని సఫారీ సూటు, నుదుట గంధం బొట్టు. హాళ్ళకీ ఆడిటోరియంలకీ గోడల్లోపల శబ్దం మింగే అట్టలు వేసే కంపెనీ ఆయనది. గురువారం ఐదున్నర నుంచి ఏడింటి దాకా ఒక సభలో అధ్యక్షుడిగా వేదిక మీద కూర్చున్నాడు. మూడు వందల మంది సాక్షులు.

రెండు తలుపులూ ఒకదాని తరవాత ఒకటి జాగ్రత్తగా మూసి గడియ పెట్టాడు.

"బయట అమ్మాయితో చెప్పాను, మీరు పాట వింటున్నారని. ఎర్ర బల్బు వెలుగుతోందిగా. తట్టదు. అన్నకీ చెల్లెలికీ ఒకటే క్రమశిక్షణ."

తిన్నగా వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. పేము కిర్రుమంది. నాలుగేళ్ళలో ఆ చప్పుడు ఆ గది విని ఉండదు.

"పాట ఏదీ?" అన్నాడు.

"వాల్వులు వేడెక్కుతున్నాయండీ."

ఐదూ ముప్ఫై ఒకటి. పై గొట్టంలోంచి తాయారమ్మ వయొలిన్ చాలా దూరం నుంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తోంది.

అనంతరామయ్య చూపు గోడ మీదికి వెళ్ళింది. లేచి ఏడో పలక దించాడు. అంచు తడిమాడు. లోపల వేళ్ళు పెట్టి, వెతికి, ఖాళీగా తీశాడు. వేళ్ళకి అంటుకున్న దూది పోగుని నిదానంగా ఊదేశాడు.

"ఇవ్వండి," అన్నాడు.

"ఇస్తాను. ఒక్క మాట చెప్పండి. పదకొండు సెకన్లంటే ఏమిటి?"

"నోటుబుక్కు చదివారన్నమాట." అనంతరామయ్య పలకని కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "వాడికి అదొక జబ్బండీ. ఏది ఇచ్చినా కొలవాలి. నా అట్ట ముక్క ఒకటి ఇచ్చాను, నీ గదికి పనికొస్తుందేమో చూడు అని. స్నేహం కొద్దీ ఇచ్చాను. వాడు అగ్గిపుల్ల పెట్టాడు."

"పదకొండు సెకన్లలో కాలిపోయింది."

"ఏ అట్టయినా కాలుతుంది."

"ఆ అట్టతో మీరు ఏ హాలు కట్టారు?"

 ఆయన ఎడం పక్క స్పీకర్ దగ్గరికి నడిచి, పైన ఉన్న ఇనుప దిమ్మెని రెండు చేతులతో దించాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు చూశాడు. ఐదూ ముప్ఫై ఆరు.

"స్కూలు హాలు," అన్నాడు చివరికి. "తొమ్మిది వందల మంది పిల్లలు పడతారు. వచ్చే నెల ప్రారంభం. ఊడపీకించమన్నాడు. లేకపోతే తనే ఉత్తరం రాస్తానన్నాడు. నా పేరుతో, నా అట్టతో, నా సొంత స్నేహితుడు! బతిమాలాను మూర్తిగారూ. బుధవారం బతిమాలాను. గురువారం నాలుగున్నరకి వచ్చి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వాడు విన్నాడు. విని, 'నీకు వినిపించడం లేదా అనంతం, పిల్లలు?' అన్నాడు."

"అప్పటికే కేసెట్ మీ జేబులో ఉంది. బతిమాలడానికి వచ్చినవాడు కేసెట్ ఎందుకు తెచ్చాడు?"

అనంతరామయ్య ముఖంలో మొదటిసారి రంగు మారింది.

"శీతాకాలంలో ఎక్కించుకున్నారు కదూ, కరెంటు బాగున్నప్పుడు? ఈ గదిలోనే, ఆయన పక్కన కూర్చుని. మీరు అడిగితే ఆయనే ఇచ్చి ఉంటాడు. మొదట్లో పది పదిహేను నిమిషాల ఖాళీ మాత్రం ఈ వారం పెట్టారు. ఏడున్నరకి శవాన్ని చూసి చౌకీదారు పరిగెత్తగానే కేసెట్ తీసి పలకలో దాచారు." మూర్తి మాట మాటకీ మధ్య సమయం తీసుకున్నాడు. "అంత బాగా ఎక్కించకుండా ఉండాల్సిందండీ. మీ పాటలో ఏ తప్పూ లేదు. ఈ ఎండల్లో సాకేత్‌లో సాయంత్రం ఆరింటికి తప్పులేని పాట ఉండదు. మీరు చెవి ఉన్న మనిషి. మీకు తప్పు భరించడం రాదు."

"ఎవరు చెప్పారు?"

"పైన ఒకావిడ తంతులు."

ఐదూ నలభై. ఇనుప దిమ్మె పట్టుకున్న చెయ్యి కొద్దిగా కిందికి దిగింది. అనంతరామయ్య తల ఒక పక్కకి వాల్చాడు. ఏదో వింటున్నాడు.

"బుస," అన్నాడు.

"వాల్వులండీ."

"కాదు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా వినడమే విలాసంగా బతికినవాడి చెవి అది. "లక్ష్మీపతి ఆంప్లిఫయర్‌లో బుస లేదు. ఆరు నెలలు కష్టపడి పోగొట్టాడు. నేను ఇక్కడే కూర్చుని విన్నాను. ఇది టేపు."

కళ్ళు తెరిచాడు. మూర్తి వీపు వెనక ఏముందో ఇప్పుడాయనకి తెలుసు. రెండడుగులు ముందుకు వేశాడు. మూర్తి కదల్లేదు. దిమ్మె పైకి లేచింది.

ఐదూ నలభై రెండు.

గది నిండా కల్యాణి విచ్చుకుంది.

దెబ్బకి సిద్ధమైన చెయ్యి గాలిలోనే ఆగింది. చెవి ఉన్న మనిషి కదా, ఒక్క క్షణం ఆ చెవే ఆయనని పట్టి ఆపింది. మూర్తి రెండు కుర్చీల అవతలికి తప్పుకున్నాడు. పై గొట్టంలో వయొలిన్ రెండు స్వరాలు ఈ పాటతో కలిసి నడిచింది.

తరవాత ఆగిపోయింది.

"విన్నారా?" అన్నాడు మూర్తి. "ఆవిడ గుర్తుపట్టింది. ఇప్పుడు స్టేషన్‌కి ఫోను చేస్తుంది."

అనంతరామయ్య నవ్వాడు. అలిసిపోయిన నవ్వు. "ఫోను ఒక్కటే, మూర్తిగారూ. తీగ కిందినుంచే పైకి పోతుంది. వాడు లాగుతున్నప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే. లోపలికి వస్తూ పీకేసి వచ్చాను." తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఆరింటికి గానీ అంకయ్య రాడు. పద్దెనిమిది నిమిషాలు. ఈ గదిలో మీరెంత అరిచినా గడప దాటదు, ఈ పాట హోరులో గొట్టంలోంచి పైకీ తెలియదు. గడప అవతల ఉన్నది ఒక్కర్తే. ఆ అమ్మాయికి నియమం తెలుసు."

పాట ఎక్కడా తొట్రుపడకుండా సాగుతోంది. మూర్తి చుట్టూ చూశాడు. రెండు కుర్చీలు, ఒక పలక. పలక ఎత్తి రొమ్ముకి అడ్డం పట్టుకున్నాడు. దూది వైపు బయటికి వచ్చింది. పై అంచున పెన్సిల్ శిలువ.

పైన ఎక్కడో నేల మీద ఏదో పడిన చప్పుడు గొట్టంలోంచి వచ్చింది. మెట్లు దిగే అడుగులు ఈ గదికి వినిపించవు. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషికి చెప్పే మాట కూడా వినిపించదు. మూర్తి నిమిషాలు లెక్కపెట్టడం మానేశాడు. దిమ్మె మళ్ళీ లేచింది.

తలుపు మీద దెబ్బ పడింది.

అనంతరామయ్య తల తిప్పాడు. రెండు తలుపుల మందాన్ని దాటి, కల్యాణిని తొక్కుకుంటూ, మళ్ళీ దెబ్బ. పిడికిలి కాదు, రెండు అరచేతులూ. మళ్ళీ. మళ్ళీ.

ఫోను పలకడం లేదని తాయారమ్మ దిగివచ్చి చెప్పి ఉంటుంది. తట్టమని మాత్రం జయకుమారికి ఎవరూ చెప్పలేదు. తలుపు తీస్తే ఎదురయ్యేది ఎలాంటివాడో, ఆ చేతిలో ఏముందో ఆమెకి తెలియదు. అనంతరామయ్య చెయ్యి గడియ మీదికి వెళుతోంది. వద్దని అరవడానికి మూర్తి నోరు తెరిచాడు. ఈ గదిలో అరిచిన మాట గడప దాటదని అప్పుడు గుర్తొచ్చింది.

బయట ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. అన్న యాభై నిమిషాలు తట్టకుండా కూర్చున్న తలుపుని చెల్లెలు బాదుతూనే ఉంది.